ఉల్లి విత్తుగడ్డలు నాటుటకు అదును, పదును

మన సంఘ సభ్యులలో పలువురు ఉల్లి విత్తుగడ్డలను గూర్చి మమ్ము ప్రశ్నించుచున్నారు. నారు పోసి నాటుటకు బదులుగా చిన్న గడ్డలనే నాటినచో పంట ముందుగా చేతికి వచ్చునని విన్నామనియు, వానిని ఏ నెలలో నాటవలెనో తెలుపుమనియు వారి కోరిక. ప్రశ్న చిన్నదే. కాని ఒక్క తారీఖు చెప్పి యూరకుండుటకు వీలులేదు. ఇంగ్లండు దేశపు రైతు ఈ గడ్డలను మార్చి, ఏప్రిల్ నెలలలో నాటును. రాజస్థానమునందలి ఆల్వార్ జిల్లా రైతు ఆగస్టు నెలలో నాటును. ఇద్దరును పంట తీయుచున్నారు. ఒకే జాతి పైరునకు రెండు దేశములలో రెండు అదును లేల కలిగినవో తెలిసినగాని మన పొలమునకు తగిన అదును మనకు తెలియదు. కావున ఈ మాసపు పాఠమున మొదట చలిదేశముల పద్ధతిని, పిదప దాని కారణములను, తుదకు మన మాచరింపదగిన క్రమమును వివరించుచున్నాము.

విత్తుగడ్డ యనగా నేమి

ఉల్లి రెండేండ్ల పైరు. మొదటి యేట విత్తనము మొలచి, ఆకులు పెంచి, గడ్డ కట్టును. రెండవ యేట ఆ గడ్డనుండి పూకాడ లేచి, పూచి, విత్తనము నిచ్చును. మనము తినునది మొదటి యేటి ఫలము. విత్తుగడ్డ యనునది ఈ మొదటి యేటి పెరుగుదలను నడుమ నాపి నిలువచేసిన చిన్న గడ్డ. విత్తనమును మడిలో మిక్కిలి ఒత్తుగా చల్లినచో మొక్కలకు చోటు చాలదు. అవి గోలీలంత గడ్డలు కట్టి పండిపోవును. వానిని త్రవ్వి ఆరబెట్టి దాచి, అదునుకు మరల నాటినచో ఆగిన పెరుగుదల తిరిగి సాగును. నారు నాటిన పైరుకంటె ఇట్టి పైరు త్వరగా వేళ్లూని ముందుగా పక్వమగును.

ఒక ఉల్లిగడ్డను అడ్డముగా కోసి చూడుడు. అందు కనబడు ఒక్కొక్క పొరయు ప్రధానముగా ఒక్కొక్క ఆకు అడుగుభాగమే. పైన ఎన్ని మంచి ఆకులు పెరిగినవో క్రింద అన్ని పొరలు దళసరి యగుటకు అవకాశము. ఈ మాటను మనసునం దుంచుకొనినచో ముందు చెప్పబోవునదంతయు సులభముగా బోధపడును.

చలిదేశముల పద్ధతి

ఇంగ్లండు, హాలండు, ఉత్తర అమెరికా మొదలగు దేశములలో చలికాలమున నేల గడ్డకట్టియో, నీటితో నాని చల్లబడియో యుండును. పైరు పెరుగుటకు అనువగు దినములు కొలదిగా మాత్రమే దొరకును. విత్తనము నుండి మొదలిడిన ఉల్లికి ఐదారు మాసములు కావలెను. అందుచేత అచ్చటి పెరటి సేద్యగాండ్రును, రైతులలో కొందరును విత్తుగడ్డల నాశ్రయించిరి. హాలండు దేశమున వీనిని పండించి అమ్ముట యొక ప్రత్యేక వృత్తిగా వృద్ధిచెందినది.

అచ్చట నాటుటకు సాధారణముగ మార్చి నడుమ మొదలు ఏప్రిల్ నడుమ వఱకు అదును. ఉత్తర అమెరికాలోని చలి ప్రాంతములలో మంచు కరగి నేల పనికి లొంగిన తోడనే, అనగా ఏప్రిల్ నెలలోను, మఱింత చలిగల చోట్ల మే మొదటి దినములలోను నాటుదురు. అచ్చటి రైతు పంచాంగమునకంటె నేలనే యెక్కువగా నమ్మును. పిడికెడు మట్టి తీసి నొక్కి చూచును. అది ముద్దయై చేతి కంటుకొనినచో మఱికొన్ని దినములు వేచియుండును. నొక్కిన ముద్ద వ్రేలితో తాకగనే పొడియైనచో నాటుటకు పూనుకొనును. మన నల్లరేగడి రైతు పదును చూచు విధము నిదియే గదా. నేల వేడిమి పది డిగ్రీల సెంటీగ్రేడు దరికి వచ్చినచో వేళ్లు చక్కగా సాగును. నాటిన పిదప స్వల్పముగ మంచు పడినను గడ్డలు చావవు. కావున మంచు పూర్తిగా తొలగువఱకు వేచియుండ నక్కరలేదు.

సాళ్లు పది పండ్రెండు అంగుళముల యెడముతోను, గడ్డలు రెండు మొదలు నాలుగు అంగుళముల యెడముతోను నాటుదురు. మొన మాత్రము నేలపై కనబడునట్లు అదుముదురు. పొడవుగా ఎండిన తోక యున్నచో దానిని కత్తిరింతురు. లేనిచో పిట్టలు ఆ తోకను పట్టి గడ్డను పెరికివేయును. జూలై, ఆగస్టు మాసములలో ఆకు వ్రాలినప్పుడు పంట తీయుదురు. శరదృతువున, అనగా సెప్టెంబరు, అక్టోబరు మాసములలో నాటి, చలికాలమంతయు పొలముననే యుంచి, మరుసటి జూన్ నెల మొదలుకొని త్రవ్వెడి పద్ధతియు గలదు. కాని దానికి చలిని సహింపగల ప్రత్యేక రకములే కావలెను.

పగటి పొడవు

ఇక కారణములను విచారింతము. ఉల్లి గడ్డ కట్టుట ప్రధానముగా పగటి పొడవును బట్టి యుండును. పగటి పొడవు పైరుల నిట్లు శాసించునను సంగతిని అమెరికా వ్యవసాయశాఖకు చెందిన గార్నరు, అల్లార్డు అను శాస్త్రజ్ఞులు 1920 వ సంవత్సరమున లోకమునకు వెల్లడించిరి. ఉల్లి రకములలో కొన్నిటికి పగలు 14 మొదలు 16 గంటల వఱకు నుండినగాని గడ్డ కట్టు బుద్ధి పుట్టదు. ఇవి చలిదేశపు రకములు. మఱికొన్నిటికి 11, 12 గంటల పగలే చాలును. ఇవి మన రకములు.

లండను నగరమున జూన్ నెలలో పగలు సుమారు 16½ గంటలు. మన కర్నూలులో అదే జూన్ నెలలో సుమారు 13 గంటలు, డిసెంబరు నెలలో 11 గంటలకు కొంచె మెక్కువ. కావున ఇంగ్లండు రకమును తెచ్చి మన నేలలో నాటినచో ఏపుగా ఆకు పెంచునే గాని గడ్డ కట్టదు. మన రకమును అచ్చట ఏప్రిల్ నెలలో నాటినచో, పగలు అప్పటికే దీర్ఘమై యుండుటచే, ఆకు పెరుగకముందే చిన్న గడ్డ కట్టి ముగించును. పరదేశపు పెరటి గడ్డల సంచులపై ముద్రించిన చిత్రములను చూచి మోసపోరాదు. గడ్డ చెడ్డది కాదు, మన పగలు దానికి చాలదు.

చలిదేశపు రైతు వేసవి కోసము వేచియుండక వసంతారంభముననే ఏల నాటునో దీనివలన తెలియుచున్నది. అతని పైరు జూన్ నెలలో, పొలమున ఎన్ని ఆకులున్నను, గడ్డ కట్టుటకు మొదలిడును. అప్పటికి ఎనిమిది పది ఆకులున్న మొక్క పెద్ద గడ్డ నిచ్చును. ఒక మాసము ఆలస్యముగా నాటిన మొక్కకు నాలుగైదు ఆకులే యుండును. దాని గడ్డయు అంతంత మాత్రమే. ఆలస్యమైన దినములను ఎరువు వేసియు, నీరు పెట్టియు తిరిగి కొనలేము.

చలి చేయు పని

అట్లయిన మఱింత ముందుగా, ఫిబ్రవరి నెలలోనే నాటరాదా యని ప్రశ్నింపవచ్చును. ఇచ్చట రెండవ కారణము అడ్డువచ్చును. కొంత పెరిగిన ఉల్లికి పలు వారములపాటు చలి తగిలినచో, అది తన మొదటి యేడు గడచినదని తలచి పూకాడ వేయును. సుమారు 5 మొదలు 13 డిగ్రీల వఱకు గల చలి దీనికి మిక్కిలి యనుకూలము. పూకాడ వేసిన గడ్డ నడుమ గట్టి బొందు ఏర్పడును. అది నిలువ యుండదు, అంగడిలో వెల పలుకదు.

ఇందొక ముఖ్యాంశము గలదు. మిక్కిలి చిన్న మొక్కను చలి మోసగింపలేదు. పెన్సిలు దళసరికి మించిన మొక్కకును, పెద్ద విత్తుగడ్డకును చలి సందేశము త్వరగా అందును. అందుచే చలిదేశములలో ముప్పాతిక అంగుళమునకు, అనగా రెండు సెంటీమీటర్లకు, లోబడిన గడ్డలనే మేలైనవిగా నెంతురు. అమ్మువారు గడ్డలను కొన్ని వారములు వెచ్చని గదులలో నుంచి, పూకాడ వేయు స్వభావమును తగ్గించి, పిదప విక్రయించుటయు గలదు. కావున వారి అదును రెండు గట్ల నడుమ బాట వంటిది. మిక్కిలి ముందైన పూకాడయు కుళ్లును, మిక్కిలి వెనుకయైన చిన్న గడ్డయు ఫలము.

మేము చేసిన పొరపాటు

పై విషయము మాకు పుస్తకమువలన గాక నష్టమువలన తెలిసినది. దాచుట ధర్మము గాదు గనుక వ్రాయుచున్నాము. కొంతకాలము క్రిందట మన సంఘము ద్వారా కొందరు సభ్యులు విత్తుగడ్డలను కోరిరి. మేము ఉత్తరువు పంపుటలో జాగు చేసితిమి. ఆగస్టులో రావలసిన సరకు అక్టోబరులో వచ్చెను. చిన్నవి అప్పటికే చెల్లిపోయినందున నిమ్మకాయలలో సగమంత యున్న గడ్డలే మిగిలినవి. చూచుటకు పుష్టిగా నున్నవని మేమును సంతోషించితిమి. సొమ్ము చెల్లించితిమి గదా, పారవేయు టెట్లని సభ్యులును నాటిరి. పైరు ముచ్చటగా లేచెను. డిసెంబరులో రాత్రులు చల్లబడెను. సంక్రాంతి నాటికి మడులలో ఎటు చూచినను పూకాడలే. సగమునకు పైగా గడ్డ బొందుపడెను. ఆ సభ్యుల అప్పు గడువును సంఘము పొడిగించెను గాని, పోయిన ఋతువును ఇయ్యజాలకపోయెను. గడ్డ పెద్దదగుట, నాటు ఆలస్యమగుట అను రెండు దోషములు ఒకచోట కలిసినందున నిట్లయ్యెను. రెండింటికిని బాధ్యులము మేమే. ఈ పాఠము వ్రాయుటకు అదియే ముఖ్య హేతువు.

మన దేశపు అదును

మన తెలుగు జిల్లాలలో చలి రైతునకు ప్రధాన శత్రువు గాదు. అయినను ఆదిలాబాదు వైపునను, చింతపల్లి, లంబసింగి మొదలగు మన్యపు మిట్టలలోను డిసెంబరు, జనవరి రాత్రులు పది డిగ్రీలకు దిగుట సామాన్యము. అచ్చటి సభ్యులు పై విషయమును మఱింత జాగ్రత్తగా గమనింపవలెను.

మనకు విత్తుగడ్డ అవసరమగునది వానకారు పైరునకు. మే, జూన్ మాసముల ఎండలో నారు మాడుటయు, పిదప జడివానలకు నారు కుళ్లుటయు రైతు లందరు నెఱిగినదే. విత్తుగడ్డ ఈ రెండు కష్టములను తప్పించును. ఆల్వార్ రైతులు ఈ కారణముననే దీని నవలంబించిరి. రబీ ఉల్లి నిలువలు తగ్గి, క్రొత్త సరకు రాకముందు, అక్టోబరు, నవంబరు మాసములలో వెల యుండుట కవకాశము గలదు.

క్రమ మిట్లు. మకర సంక్రాంతి మొదలు శ్రవణ కార్తె ముగియునంతలో, అనగా జనవరి నడుమనుండి ఫిబ్రవరి మొదటి వారములోగా, విత్తనమును మడిలో ఒత్తుగా చల్లవలెను. ఎకరమునకు కావలసిన గడ్డల కొఱకు సుమారు ఐదు సెంట్ల మడియు, రెండు మూడు కిలోల విత్తనమును కావలెను. వానకారునకు తగిన రకములనే కొనవలెను. జాతీయ ఉద్యాన పరిశోధనాభివృద్ధి సంస్థ వారి అగ్రిఫౌండ్ డార్క్ రెడ్, మహారాష్ట్రమున పుట్టిన ఎన్–53 ఇందు ప్రసిద్ధములు. రబీకి చెందిన అగ్రిఫౌండ్ లైట్ రెడ్ మొదలగువానిని దీనికి వాడరాదు.

ఏప్రిల్, మే మాసములలో ఆకు వ్రాలినప్పుడు నీరు మాన్పించి, గడ్డలను ఆకుతో సహా పెరికి, నీడను ఆరబెట్టి, పిలకలుగా కట్టి, గాలి వచ్చు పాకలో వ్రేలాడదీయవలెను. కుప్ప పోయరాదు, సంచులలో కుక్కరాదు. మిరప నిలువచేయు శీతల గిడ్డంగులలో పెట్టినచో భద్రముగ నుండునని కొందరి యూహ. అది ప్రమాదకరము. ఐదు పది డిగ్రీల చలిలో దాచిన గడ్డ, పొలమున చలి తగులకున్నను, పూకాడ వేయు స్వభావమును పొందవచ్చును. విత్తుగడ్డకు వేసవి వేడిమియే మేలు.

నాటుటకు ఆశ్లేష, మఖ కార్తెలు, అనగా ఆగస్టు నెల, మంచి యదును. నడుమ వారము లుత్తమము. అప్పుడు నాటిన పైరు సుమారు మూడు మాసములకు, చలి ముదురకముందే, పంటకు వచ్చును. పుబ్బ కార్తె దాటిన పిమ్మట, అనగా సెప్టెంబరు నడుమ గడచినతరువాత, విత్తుగడ్డలు నాటవద్దని మా సలహా. అప్పటికి మిగిలిన గడ్డలను ఉల్లికాడలకో, ఇంటి వాడుకకో వినియోగించుట మేలు.

రబీ పైరునకు మనకు విత్తుగడ్డ యక్కరలేదు. అక్టోబరు, నవంబరులలో పోసిన నారు సులభముగ పెరుగును. అయినను పై సూత్రమే అచ్చటను వర్తించును. నారు నిర్ణీత కాలమునకు ముందుగా పోసినను, ముదిరి పెన్సిలుకంటె లావెక్కిన నారు నాటినను చలికి పూకాడ వేయును. ఏడెనిమిది వారముల నారు నాటుట క్షేమము.

నాటు విధము

ఎకరమునకు 8 మొదలు 10 టన్నుల బాగుగ చివికిన పశువుల యెరువు దుక్కిలో కలుపవలెను. పచ్చి పేడ కూడదు. వానకాలము గనుక చదును మళ్లకంటె బోదెలు శ్రేష్ఠము. బోదెల నడుమ అడుగున్నర యెడము విడిచి, ప్రతి బోదెకు రెండు ప్రక్కల నాలుగు అంగుళముల కొక గడ్డ చొప్పున నాటవలెను. మొన పైకి, వేళ్లు క్రిందికి నుండవలెను. లోతుగా పాతరాదు. మెడ నేలమట్టమునకు వచ్చిన చాలును. రేగుపండంత గడ్డలను, అనగా ఒకటిన్నర మొదలు రెండు సెంటీమీటర్ల వానిని, ఏరి నాటవలెను. అంతకు పెద్దవానిని వంటకు వాడుకొనుడు. మిక్కిలి సన్నవి, మెత్తబడినవి, అప్పుడే మొలక లేచినవి విడువుడు. ఎకరమునకు నాలుగైదు క్వింటాళ్లు పట్టును. పదును లేనప్పుడు నాటిన తోడనే తడి యియ్యవలెను. జడివాన పట్టి నేల బురదయై యున్నప్పుడు, అదును పోవునను తొందరతో నాటరాదు. వారము రోజులు ఆగినను పంట యుండును గాని, కుళ్లిన గడ్డ తిరిగి మొలవదు.

లాభనష్టముల విచారణ

విత్తుగడ్డ అందరికి నని మేము చెప్పుట లేదు. నారు నాటు పద్ధతిలో ఎకరమునకు మూడు నాలుగు కిలోల విత్తనము చాలగా, ఇచ్చట క్వింటాళ్ల కొలది గడ్డ కావలెను. కొని నాటువానికి పెట్టుబడి యధికము. నాటుచోట నారు చక్కగా పెరుగుచున్న గ్రామములలో పాత పద్ధతియే చాలును. వెలను నమ్మి అప్పుచేయుట అంతకంటె ప్రమాదము. 2019 వ సంవత్సరమున అతివృష్టిచే పంట చెడి ఉల్లి వెల ఆకాశమంటెను. ఆ సెప్టెంబరులో ప్రభుత్వమువారు ఎగుమతిని నిషేధించిరి. 2023 డిసెంబరులో మరల నిషేధించి 2024 మే నెలలో తొలగించిరి. వెల రైతు చేతిలోనిది కాదు. అదును మాత్రము రైతు చేతిలోనిది.

కావున మొదటి యేడు పావు ఎకరమునకు మించి పెట్టవద్దని మనవి. స్వంత మడిలో గడ్డలు పెంచుకొనిన సభ్యునకు ఖర్చు తగ్గును, పరిమాణమును ఏరుకొను స్వేచ్ఛయు నుండును. పది మంది సభ్యులు కూడి ఒక నీటి వసతిగల చెలకలో ఉమ్మడి మడి పోసుకొనినచో కావలియు, తడియు సులభమగును. సంఘము తరఫున మేము చేయగలది యిది: విత్తనపు కోరికలను డిసెంబరు ముగియకముందే వ్రాసుకొందుము. సరకు వచ్చిన దినముననే సభ్యుల యెదుట సంచి విప్పి పరీక్షింతుము. బయటినుండి గడ్డలు తెప్పింపవలసి వచ్చినచో జూలై ముగియునాటికి చేరని సరకును, పరిమాణము మించిన సరకును తీసికొనము. పూర్వపు పొరపాటు తిరిగి జరుగనీయము.

సభ్యులు కూడినప్పుడు చర్చింపదగిన ప్రశ్నలు

1. చలిదేశపు రైతు ఒక మాసము ఆలస్యముగ నాటినచో గడ్డ ఏల చిన్నదగును?

2. పెద్ద విత్తుగడ్డకంటె చిన్నది ఏల మేలు?

3. మన గ్రామమున డిసెంబరు రాత్రులు ఎంత చల్లబడును? గడచిన రబీలో ఎవరి మడిలో పూకాడలు ఎక్కువగ కనబడినవి? వారు నారు ఎప్పుడు పోసిరి? ఎన్ని వారముల నారు నాటిరి?

4. శీతల గిడ్డంగిలో విత్తుగడ్డలను దాచుటవలన కలుగు హాని యేమి?

మూడవ ప్రశ్నకు జవాబు ఏ పుస్తకమునను లేదు. అది మీ పొలములలో నున్నది. దానిని వ్రాసి సంఘమునకు పంపినచో వచ్చు సంచికలో ప్రకటింతుము. ఒక రైతు నష్టపడి నేర్చినది పదిమంది రైతులు నష్టపడకయే నేర్చుకొనుటకు గదా మన మొక సంఘముగా కూడినది.